నీళ్లు బాగానే ఉన్నాయన్నాను

పోయిన నెల పెర్కిట్ రోడ్డు మీద సందీప్ అనే పాతికేళ్ల అబ్బాయి అక్వేరియం దుకాణం తెరిచాడు. ఆర్మూరులో ఈ పని మొదట మొదలుపెట్టింది నేనే కాబట్టి కొబ్బరికాయ కొట్టడానికి నన్ను పిలిచాడు. పోయాను. దుకాణం బాగుంది. మా కాలంలో లేని లైట్లు, మా కాలంలో లేని మందులు, ఒక గోడ మొత్తం గాజే. వారం పది రోజులకు మళ్లీ అటు పోతే, ఒకావిడ ప్లాస్టిక్ కవర్లో రెండు చచ్చిన గోల్డ్‌ఫిష్‌లు పట్టుకుని కౌంటర్ ముందు నిలబడి ఉంది. కొత్త తొట్టి పెట్టించుకుందట. వేసినవి ఆరు చేపలు. నాలుగు ముందే పోయాయి, ఇవి చివరి రెండూ.

సందీప్ కవర్ వంక కూడా చూడలేదు. "కొందరి చేతికి చేపలు నిలువయి మేడం. ఇంట్ల వేరేవాళ్లతోని మేత వేపించి చూడుండ్రి" అన్నాడు.

ఆవిడ కవర్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, ఖాళీ అయిన చేతిని ఒకసారి చూసుకుని వెళ్లిపోయింది.

ఆ మాట నాది. పాత బస్టాండు దగ్గర నా దుకాణంలో నిలబడి ఏళ్ల తరబడి నేను అన్న మాట. ఎన్ని నోళ్లు మారి ఈ అబ్బాయి నోటికి చేరిందో తెలియదు. ఇంటికి వచ్చి కాగితాలు ముందేసుకున్నాను. గాజు కోయడం, పంపు బిగించడం ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఎవరైనా నేర్పుతారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. వినడానికి బాగుండదు. చెప్పడానికి అంతకంటే బాగుండదు.

ఉస్తాద్ నేర్పిన రెండు పనులు

మొదట్లో నాది ఫోటో ఫ్రేముల దుకాణం. పసుపు మార్కెట్ అడ్తిదారుల ఇళ్లలో దేవుళ్ల పటాలకూ పోయినవాళ్ల ఫోటోలకూ అద్దాలు బిగించేవాణ్ణి. గాజు కోసం హైదరాబాద్ పోయినప్పుడు అక్కడ చేపల తొట్లు కట్టే ఒక ముసలాయన పరిచయమయ్యాడు. ఎనభైల మొదట్లో ఆయన దగ్గర ఆరు నెలలు ఉండి పని నేర్చుకున్నాను. ఇనుప చట్రంలో గాజు కూర్చి, నీటి బొట్టు కారకుండా లప్పం పెట్టడం, చేపను చేత్తో తాకకుండా పట్టడం, గాలి నింపిన కవర్లలో వేసి బస్సులో ఊరు చేర్చడం అన్నీ ఆయన దగ్గరే వచ్చాయి. అంత శుభ్రంగా గాజు కోసే చెయ్యి మళ్లీ నేను చూడలేదు.

రెండో పని కూడా ఆయనే నేర్పాడు. నేను ఊరికి బయలుదేరే రోజు దగ్గర కూర్చోబెట్టుకుని ఇలా అన్నాడు.

"చూడు గంగారాం, చేపలు చస్తే గిరాకోడు నీళ్ల గురించి అడుగుతడు. నీళ్ల ముచ్చట ఎత్తనియ్యకు. నీళ్లంటే దుకాణం మీదికి వస్తది. చేతి మీదికి తొయ్యి. ఎవని చెయ్యి వాడు చూసుకుంట ఇంటికి పోతడు. నీతోని కొట్లాటకు రాడు."

"మరి నిజంగ ఎందుకు చస్తయి ఉస్తాద్?"

"అల్లాకు ఎరుక. కొత్త తొట్టిల సగం చస్తయి. గదే కానూన్."

ఆయన్ని తప్పు పట్టాలని రాయడం లేదు. ఆయనకు నిజంగానే తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలియనిచోట ఒక మాటను కూర్చోబెట్టి, ఇక ఎవరూ తెలుసుకోవాల్సిన పని లేకుండా చేయడం తప్పు. ఆ తప్పును నేను ఆయన కంటే బాగా చేశాను. ఆయన గొణిగినట్టు చెప్పేవాడు. నేను ఇంటి పెద్దలా తలూపుతూ, జాలిపడుతూ చెప్పేవాణ్ణి.

పది రోజుల చావు

కొత్త తొట్టిలో చేపలు చచ్చే తీరు ఒకేలా ఉండేది. మొదటి మూడు నాలుగు రోజులు ఇంటిల్లిపాదీ ముచ్చటపడేలా తిరుగుతాయి. ఐదో రోజుకో ఆరో రోజుకో పైకి వచ్చి నోరు తెరిచి గాలి కోసం గుటకలు వేస్తాయి. మొప్పలు కందిపోతాయి. రెక్కలు ముడుచుకుని మూలకు చేరతాయి. ఆ తర్వాత అడుగున పక్కకు ఒరిగి పడుకుంటాయి. పదో రోజుకు చేతిలో కవరు, దుకాణం ముందు మనిషి.

నీళ్లేమో తేటగా, అవతలి గోడ మీది క్యాలెండర్ చదువుకునేట్టు ఉండేవి. వాటిని అనుమానించడానికి ఎవరికీ మనసు రాదు. నాకూ రాలేదు. అందరికీ ఒకటే వైద్యం చెప్పేవాణ్ణి. నీళ్లన్నీ పారబొయ్యండి, రాళ్లన్నీ తీసి కడగండి, ఎండకు ఆరబెట్టండి, మళ్లీ నింపండి, వారం వారం ఇట్లాగే చెయ్యండి. మళ్లీ చచ్చాయంటే, చెయ్యి.

వేల్పూరు ఇల్లు

ఎనభైల చివరికి గల్ఫ్ పోయినవాళ్ల ఇళ్లు ఊళ్లలో ఒక్కొక్కటిగా స్లాబు వేసుకుంటున్నాయి. ముందు గదిలో టీవీ, దాని పక్కన చేపల తొట్టి. వేల్పూరులో నర్సవ్వ ఇల్లు అలాంటిదే. ఆమెకు పసుపు, మక్కజొన్న పండే పొలం ఉంది. ఒక్కడే కొడుకు మల్లేశ్, దుబాయిలో పని. అతని భార్య భాగ్యది కమ్మర్‌పల్లి. పెళ్లయి రెండేళ్లు. మల్లేశ్ సెలవు మీద వచ్చి ఇల్లు పూర్తి చేయించి, తొట్టి పెట్టించమని తల్లికి చెప్పి దుబాయి వెళ్లిపోయాడు.

మూడడుగుల తొట్టి తీసుకుపోయి ఒక శుక్రవారం పొద్దున నిలబెట్టాను. ఎనిమిది చేపలు వేశాను. ఇప్పుడైతే నాలుగు కూడా ఎక్కువే అంటాను. నర్సవ్వ గాజుకు కుంకుమ బొట్టు పెట్టి, మేత ఎవరు వెయ్యాలని అడిగింది.

"ఒక్క చెయ్యే వెయ్యాలె అవ్వా. ఇంటి కోడలి చెయ్యి అయితే ఇంకా మంచిది" అన్నాను.

మొదటి సగం పనికొచ్చే మాటే. నలుగురు వేస్తే మేత ఎక్కువై మురుగుతుంది. రెండో సగం నేను ముచ్చటకు కలిపింది. ఆ కలిపిన మాటనే నర్సవ్వ గట్టిగా పట్టుకుంది.

వారానికోసారి కడగమన్నాను కదా, ఆ ఇంట్లో కడిగే రోజు శుక్రవారం. భాగ్య చేపలను బకెట్లోకి తీసి, తొట్టిలోని గులకరాళ్లన్నీ జల్లెడలోకి ఎత్తి, గడపకు రాసినట్టు వాటికి పసుపు పట్టించి, రుద్ది కడిగి, స్లాబు మీద ఆరబోసేది. పసుపుకు కొదువ లేని ఇల్లు. దేవుడి సామాను తోమినంత శ్రద్ధగా తోమేది. చేపలు చచ్చేవి. నర్సవ్వ నాకు కబురు పెట్టేది. నేను కొత్త చేపలతో పోయి, "చెయ్యి ఇంకా కుదురుతలేదు అవ్వా" అనేవాణ్ణి. ఒకటి, రెండు, మూడు, నాలుగు సార్లు. నాలుగోసారికి నర్సవ్వ నాకు చెప్పాల్సిన మాటలు కూడా కోడలి వైపు చూస్తూనే చెప్పడం మొదలుపెట్టింది.

పసుపు ఉడకబెట్టిన నెలన్నర

ఐదోసారి ఆరు చేపలు వేశాను. ఆ వెంటనే పసుపు తవ్వకం వచ్చింది. మా వైపు ఆ పని మొదలైతే ఇంట్లో ఎవరికీ తల దువ్వుకునే తీరిక ఉండదు. తవ్వడం, కొమ్ములు విరవడం, కడాయిల్లో ఉడకబెట్టడం, కల్లంలో ఆరబెట్టడం. కూలీలకు వండిపెట్టడం భాగ్య పని. నెలన్నరపాటు తొట్టిని ఎవరూ ముట్టలేదు. పంపు మాత్రం తిరుగుతూ ఉంది. మేత కూడా గుర్తొచ్చినప్పుడు చిటికెడు.

పంపు రబ్బరు మార్చడానికి పోయినప్పుడు ఆరు చేపలూ ఉన్నాయి. రాళ్ల మీద గోధుమరంగు జిగురు పట్టింది. గాజుకు పచ్చటి పూత. భాగ్య పొయ్యి దగ్గరనుంచి చెంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె ముఖంలో అంత వెలుగు అంతకుముందు చూడలేదు.

"అన్నా, గీ నెలన్నర నేను నీళ్లు మార్చలే, రాళ్లు కడగలే. ఒక్క చేప గూడ చావలే. కడిగినప్పుడల్లనే చస్తున్నయన్నా. నేను వారం వారం చూస్తున్న గదా, నాకు గట్లనే అనిపిస్తుంది. కడగకుంటెనే మంచిగుంటయేమో?"

నేను నవ్వాను. అప్పటికి ఎనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, పొయ్యి దగ్గరనుంచి వచ్చిన ఇరవై ఏళ్ల పిల్ల నాకు నేర్పేదా?

"గింత గలీజుల పెట్టి మంచిగుంటయంటవేంది చెల్లే? మనం ఉంటమా గిట్ల?" అన్నాను.

చొక్కా చేతులు మడుచుకుని, ఆ రోజు నేనే మొత్తం కడిగాను. జిగురు ఆనవాలు లేకుండా ఒక్కో రాయి తోమాను. భాగ్య పక్కనే నిలబడి చూసింది. తొట్టి అద్దంలా మెరిసింది. నాలుగు చేపలు వారంలో, మిగతా రెండు పదో రోజున పోయాయి.

సాక్ష్యం

సరిగ్గా ఆ వారమే దుబాయి నుంచి కబురు వచ్చింది. మల్లేశ్ కంపెనీలో పడలేక బయటపడి, పాస్‌పోర్టు చేతిలో లేకుండా దాక్కుని తిరుగుతున్నాడని. మా వైపు దాన్ని ఖల్లివల్లి అంటారు. పోలీసులకు చిక్కితే జైలు, చిక్కకపోతే రోజుకో చోట దొంగ బతుకు. నర్సవ్వ రెండూ కలిపింది. చేపలు నిలవని చెయ్యి ఇంట్లో కొడుకును మాత్రం ఏం నిలుపుతుందని అంది. కొడుకు వచ్చేదాకా కోడలు పుట్టింట్లో ఉండాలని పట్టుబట్టింది. వచ్చేదాకా అంటే ఏమిటో అందరికీ తెలుసు.

కులపెద్దలు ఆ ఇంటి వరండాలో కూర్చున్నారు. కమ్మర్‌పల్లి నుంచి భాగ్య తండ్రి వచ్చాడు. నాకూ కబురు పెట్టారు. నేను పోయేసరికి ఆయన తువ్వాలు చేతిలో నలుపుకుంటూ, "నా బిడ్డ ఏం తప్పు చేసిందో చెప్పుండ్రి. చేపలు చస్తె మనిషిని ఎల్లగొడ్తరా?" అని అడుగుతున్నాడు. పెద్దల్లో ఇద్దరికి ఆ మాట సబబుగానే తోచింది. నీళ్లలో ఏదైనా దోషం ఉండొచ్చు కదా అని వాళ్లలో ఒకాయన అన్నాడు.

నర్సవ్వ నా వైపు తిరిగింది. "ఆయన పనే గది. ఆయన్నే అడుగుండ్రి. గంగారాం, నువ్వు చెప్పు కొడుకా. దోషం నీళ్లల్ల ఉన్నదా, చేతిల ఉన్నదా?"

ఇక్కడ అబద్ధం రాయను. అప్పటికే నాకు అనుమానం ఉంది. భాగ్య చెప్పిన మాట చెవిలో తిరుగుతూనే ఉంది. నా దుకాణం వెనక ఒక పాత తొట్టి ఉండేది. అమ్మకానికి కాదు కాబట్టి దాన్ని ఎన్నడూ కడగలేదు. అందులో చేపలు చావవు. అది నాకు తెలుసు. కానీ నీళ్లలో దోషం అంటే, ఎనిమిదేళ్లలో నేను పెట్టిన ప్రతి తొట్టిలోనూ దోషమే. ఆర్మూరు నుంచి బాల్కొండ దాకా ప్రతి ఇంటివాడూ నా దుకాణం ముందుకు వస్తాడు. ఆ వరండాలో నిలబడి ఇదంతా నేను ఒక్క క్షణంలో ఆలోచించుకున్నాను.

"నీళ్లు మంచిగనే ఉన్నయి" అన్నాను.

అంతే. చెయ్యి అన్న మాట నేను అనలేదు. ఆ సంగతి తల్చుకుని చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను. తలుపు దగ్గర నిలబడిన భాగ్య నన్ను ఒకసారి చూసి లోపలికి పోయింది. సాయంత్రం బస్సుకు తండ్రి ఆమెను తీసుకుపోయాడు.

ప్రభాకర్ సార్ చూపిన రంగు

ఏడాది గడిచాక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ప్రభాకర్ సార్ ఇంట్లో తొట్టి పెట్టాను. ఎనిమిదో రోజున చేపలు పోయాయి. ఆయన భార్య చెయ్యి గురించి నేను అలవాటుగా మొదలుపెట్టబోతే ఆయన మధ్యలోనే ఆపారు.

"చెయ్యి సంగతి తర్వాత చూద్దాం. ముందు నీళ్ల సంగతి చూద్దాం రండి" అని కాలేజీ ల్యాబుకు తీసుకుపోయారు.

రెండు గాజు గొట్టాలు. ఒకదానిలో బోరు నీళ్లు, ఇంకోదానిలో చేపలు చచ్చిన తొట్టి నీళ్లు. రెండూ చూడ్డానికి ఒకటే. ఒక సీసాలోంచి రెంటిలోనూ కొన్ని చుక్కలు వేశారు. బోరు నీళ్లు అట్లాగే ఉన్నాయి. తొట్టి నీళ్లు ముందు లేత పసుపై, చూస్తుండగానే మార్కెట్ యార్డులో రాశి పోసిన కొమ్ముల రంగుకు వచ్చాయి. పుట్టినప్పటినుంచీ ఆ రంగును శుభమనే చూసినవాణ్ణి. ఆ గొట్టాన్ని సార్ చేతిలోంచి తీసుకుని, కిటికీ వెలుతురుకు ఎత్తి మళ్లీ చూశాను.

అది అమ్మోనియా అని చెప్పారు. చేప విసర్జించేదాంట్లోంచి, మురిగిన మేతలోంచి పుడుతుంది. కంటికి కనపడదు. మొప్పలను కాలుస్తుంది. మన బోరు నీళ్ల గుణానికి, మన ఎండలకు ఇంకా చురుగ్గా పనిచేస్తుంది. పాత తొట్టిలో రాళ్ల మీద పట్టే జిగురులో కంటికి కనపడని జీవాలు ఉంటాయి. కొన్ని ఈ విషాన్ని తిని ఇంకో రకం విషంగా మారుస్తాయి, మరికొన్ని దాన్ని తిని పెద్దగా హాని లేనిదిగా మారుస్తాయి. అవి కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. అప్పటిదాకా తొట్టి కొత్తదే. నా దుకాణం వెనకనున్న పాత తొట్టి నీళ్లు తెప్పించి వాటిలోనూ చుక్కలు వేశారు. రంగు రాలేదు.

"రాళ్లు కడిగి ఎండబెట్టారంటే ఆ జీవాలన్నీ పోయినట్టే. తొట్టి మళ్లీ మొదటి రోజుకు వస్తుంది" అన్నారు.

"నెలన్నర కడగకుంటే చేపలు బతుకుతయా సార్?"

"బతుకుతాయి. చేపలు తక్కువ ఉండి, మేత తక్కువ వేస్తే. మీరెక్కడైనా చూశారా అట్లా?"

"నేను చూడలే సార్. ఒకామె చూసింది" అన్నాను.

ఇక నుంచి పనిచేసేవాళ్ల కోసం ఆ తర్వాత నేను పాటించినది రాస్తాను. కొత్త తొట్టి నింపాక వెంటనే చేపలు వెయ్యకు. పాత తొట్టిలోని రాళ్లు రెండు దోసిళ్లు, కడగకుండా, తడి ఆరకుండా తెచ్చి వెయ్యి. మొదట రెండు చేపలు చాలు. మేత రెండు నిమిషాల్లో తినేసేంత, అదీ మొదటి నెల రోజు విడిచి రోజు. వారానికోసారి నీళ్లలో పావు వంతే మార్చు, అదీ ఒక రోజు ముందు పట్టి ఉంచిన నీళ్లతో. చేప పైకి వచ్చి గుటకలు వేస్తే మేత ఆపి, ఆ రోజే కొంత నీళ్లు మార్చు, రాళ్లు ముట్టకు. ఇప్పుడు నీళ్లు పరీక్షించే సీసాలు దుకాణాల్లోనే దొరుకుతున్నాయి. కొనేవాళ్ల ఎదురుగానే పరీక్షించి, రంగు వాళ్లకే చూపించు. నేనైతే ఈ పద్ధతి అందరికీ చెప్పాను గానీ అట్లా ఎందుకు చెయ్యాలో చెప్పలేదు. ఎవరైనా అడిగితే, "గిది కొత్త పద్ధతి" అని దాటేశాను.

జమున చెయ్యి

దుబాయి నుంచి మల్లేశ్ ఎలాగో తిరిగి వచ్చాడు. వచ్చిన ఏడాదిలోనే భాగ్యతో తెగతెంపులు చేసి, జమున అనే అమ్మాయితో మళ్లీ పెళ్లి చేశారు. నర్సవ్వ కబురు పెట్టింది, ఎండిపోయిన తొట్టి మళ్లీ నింపమని. పోయి కొత్త పద్ధతిలో నింపాను. కడగొద్దని మూడుసార్లు చెప్పాను. చేపలు బతికాయి. రెండు నెలలు, నాలుగు నెలలు, ఆరు నెలలు. నర్సవ్వ ఊరంతా చెప్పుకుంది. ఈ పిల్ల చెయ్యి మంచిదట. ఆ పిల్ల చెయ్యి కాదని అప్పుడే అన్నానని కూడా చెప్పుకుంది.

నేర్చుకున్న పని ఆ ఇంట్లో మొదటిసారి సరిగ్గా చేశాను. ఆ పనే భాగ్య మీద వేసిన నిందకు రుజువైంది. అది తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున కమ్మర్‌పల్లి బస్సెక్కాను.

భాగ్య వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. చిక్కిపోయింది. నన్ను చూసి లేవలేదు. నేను నిలబడే అంతా చెప్పాను. అమ్మోనియా, జిగురు, సార్ చూపిన రంగు. ఆకు కత్తిరిస్తూనే వింది.

"నేనప్పుడే చెప్పిన గదా అన్నా" అంది.

కత్తిరించిన ఆకును చాటలో వేసి ఇంకోటి తీసుకుంది.

"గీ ముచ్చట గా ఇంట్ల చెప్పినవా?"

"లేదు చెల్లే."

"మరి నాకెందుకు చెప్తున్నవ్? నాకు ఎరుకున్నదే గదా. తెల్వనోళ్లకు చెప్పు."

తిరుగు బస్సు వేల్పూరు మీదుగానే పోతుంది. దిగాను. ఈ ఒక్క పని చేద్దామనే దిగాను. నర్సవ్వ ఎదురొచ్చి కూర్చోమంది, చాయ్ పెట్టడానికి తనే లోపలికి పోయింది. జమున తొట్టి పక్కన నిలబడి ఉంది, ఒక చెయ్యి చెంగులో దాచుకుని. అత్త అటు పోగానే చెంగు తీసి చూపించింది. చచ్చిన చేప. నేను వేసేనాటికే ముసలిది, వయసైపోయి పోయింది, నీళ్ల తప్పేమీ కాదు. పొద్దున్నుంచీ ఆ పిల్ల దాన్ని అట్లాగే దాచుకుని తిరుగుతోంది.

"అన్నా, జర మా అత్తకు చెప్పకు. నీ కాళ్లు మొక్కుత" అంది.

చేపను తీసుకుని నా సంచిలో వేసుకున్నాను. నర్సవ్వ చాయ్ తెచ్చింది. తొట్టి వైపు మురిపెంగా చూసి, చేపలు లెక్క పెట్టకుండానే, "చూసినవా గంగారాం, దీని చెయ్యి ఎంత మంచిదో?" అంది.

చెప్పడానికే వచ్చాను. ఒక్క మాట చెబితే చాలు, కమ్మర్‌పల్లిలో ఉన్న మనిషి మీద నింద పోతుంది, ఇక్కడ ఎదురుగా ఉన్న పిల్ల భయమూ పోతుంది. కానీ ఆ మాట చెబితే, వరండాలో పెద్దల ముందు నేను అన్నది అబద్ధమవుతుంది. నర్సవ్వ నా ముఖం వైపే చూస్తోంది.

"ఔనవ్వా, మంచి చెయ్యి" అన్నాను. చాయ్ తాగాను.

మర్నాడు అదే సైజు, అదే రంగు చేపను తీసుకుపోయి, పంపు చూసే వంకతో తొట్టిలో విడిచాను. తొంభైలంతా అదే పని. చేప పోతే జమున ఎవరి చేతనో పంపు పాడైందని కబురు పెట్టేది, నేను పోయి మార్చేవాణ్ణి. నర్సవ్వ పోయేదాకా ఆ ఇంట్లో ఒక్క చేప కూడా చావలేదు. జమునను కాపాడుతున్నానని అనుకున్నాను. కాపాడాను కూడా. కానీ నేను మార్చిన ప్రతి చేపా భాగ్య మీద ఇంకో సాక్ష్యమే అయింది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడగడానికి వస్తే ఊళ్లో ఆ చెయ్యి మాట చెప్పేవాళ్లట.

సందీప్, ఈ కాగితాలు రేపు నీకే ఇస్తాను. చదివాక, ఆ రోజు కవర్ పట్టుకుని వచ్చినావిడ ఇల్లు ఎక్కడో కనుక్కో. పోయి, ఆమె చెయ్యి బాగానే ఉందని, తప్పు కొత్త తొట్టి నీళ్లదని, ఆ సంగతి ముందే చెప్పని మన దుకాణాలదని చెప్పు. ఇంట్లో అందరూ ఉన్నప్పుడు, వాళ్లందరికీ వినపడేట్టు చెప్పు.

నేను చెప్పాల్సింది కూడా ఇక్కడ రాస్తున్నాను. వేల్పూరులో ఆ వరండాలో కూర్చున్న పెద్దల్లో ఇప్పుడు ఎవరూ లేరు. వాళ్ల పిల్లలు ఎవరైనా చదివితే చాలు. ఆ రోజు నీళ్లు బాగాలేవు. భాగ్య చెయ్యి బాగానే ఉంది.